నూనెతో చల్లార్చిన అణు రియాక్టర్లు: లోహక్షయ చరిత్రలో ఒక ఘట్టము

ఇనుమునకు నూనె పూసినచో తుప్పు పట్టదని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. కోత ముగిసిన పిదప కొడవలిని ఆముదపు గుడ్డతో తుడిచి చూరులో చెక్కు రైతునకును, కుట్టుమిషనులో వారమున కొకసారి రెండు చుక్కలు వేయు దర్జీకిని అది తెలిసిన సంగతియే. నీరు లోహమునకు శత్రువు, నూనె చుట్టము. ఇండ్లలోను, పొలములలోను పుట్టిన ఈ జ్ఞానమువంటి ఆశతోనే 1950 తరువాతి కాలమున అమెరికా, కెనడా, సోవియట్ రష్యా, పశ్చిమ ఐరోపా దేశములలోని ఇంజనీర్లు కొందరు అణు రియాక్టర్లను నీటితో గాక నూనెవంటి కర్బన ద్రవములతో చల్లార్చుటకు పూనుకొనిరి. ఇనుము విషయమున వారి ఆశ వమ్ము కాలేదు. ఇనుముకంటె ఎక్కువ వెలగల మరియొక లోహము విషయమున మాత్రము కథ అడ్డము తిరిగినది. ఆ లోహము తుప్పు పట్టుటకు బదులు ఉదజనిని, అనగా హైడ్రోజనును, త్రాగ మొదలిడెను. ఆ వృత్తాంతమే ఈ వ్యాసమునకు విషయము.

సంస్కృతీ వ్యాసముల సంపుటములో రియాక్టర్ల ప్రసంగమేల యని చదువరులలో కొందరు అడుగవచ్చును. మేము చెప్పబోవు లోహము జిర్కోనియము. దాని ముడిఖనిజమైన జిర్కాను ఇసుకను ఒడిశాలో గంజాము జిల్లా ఛత్రపురమునొద్ద సముద్రతీరమున తీయుచున్నారు. ఆ జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది; అచ్చట మనవారి కుటుంబములు ఎన్ని తరములుగా నున్నవో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. తమిళనాడులో కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి తీరమునను ఆ ఇసుక కలదు. దాని నుండి వచ్చిన లోహమును గొట్టములుగా మలచు కర్మాగారము 1971లో హైదరాబాదున నెలకొల్పబడిన అణు ఇంధన సముదాయము. ఆ గొట్టములు చేరుచోట్లలో మహారాష్ట్రమందలి తారాపురము, తమిళనాడునందలి కల్పాక్కము, కర్ణాటకమందలి కైగా ఉన్నవి. ఇట్లు ఈ లోహము ప్రయాణించు త్రోవ మనవారు స్థిరపడిన సీమల గుండనే పోవుచున్నది. ఆ గొట్టములు ఎంతకాలము నిలుచును, ఏల పెళుసగును అను ప్రశ్న ఆ ఊళ్ళలో కాపురముండువారికి పరాయి ప్రశ్న కాదు.

మొదట నీటి చిక్కు చెప్పవలెను. రియాక్టరులో యురేనియము పగులుటవలన పుట్టిన వేడిని ఏదో యొక ద్రవముగాని వాయువుగాని బయటికి మోసికొనిపోయి ఆవిరి పుట్టింపవలెను. నీరు చౌక, సులభము. వేడిని చక్కగా మోయును. కాని నీరు 100 డిగ్రీల కడనే మరుగును. 300 డిగ్రీల వద్ద దానిని మరుగకుండ నిలుపవలెనన్న వాతావరణ పీడనమునకు దాదాపు 85 రెట్ల ఒత్తిడి కావలెను. అంత ఒత్తిడికి ఓర్చుటకు మందమైన పాత్రలును గొట్టములును కావలెను. వేడినీరు ఉక్కును మెల్లమెల్లగా తినును. అట్లు రాలిన తుప్పురేణువులు రియాక్టరు నడుమకు పోయి రేడియోధార్మికములై తిరిగివచ్చి, బయటి గొట్టములలో పేరుకొని, మరమ్మతు చేయువారికి ప్రమాదము కలిగించును.

బెంజీను వలయములు రెండు గుచ్చిన దండవంటిది బైఫినైలు, మూడు గుచ్చినది టెర్‌ఫినైలు. ఇవి వేడికిని రేడియేషనుకును సాటి నూనెలకంటె ఎక్కువ తాళును. 400 డిగ్రీల వద్ద కూడ వీనికి కొద్దిపాటి ఒత్తిడి చాలును. సాధారణపు కార్బను ఉక్కు వీనిలో దాదాపు చెక్కుచెదరక నిలుచును. ఉక్కు తినబడదు గనుక రేడియోధార్మికపు తుప్పు తిరుగదు. కాగితముమీద ఇంతకంటె సొగసైన ఏర్పాటు మరియొకటి లేదు.

ఈ సొగసును మొదట పరీక్షించినది అమెరికాలోని ఐడహో ఎడారియందలి ప్రయోగ రియాక్టరు. దానిని క్లుప్తముగా ఓ.ఎమ్.ఆర్.ఇ. అని పిలిచిరి. 1957 నుండి 1963 వరకు అది నడిచినది. లోహములకు నూనె మేలే చేసినదని అచ్చట తేలెను. కాని నూనెకు రియాక్టరు కీడు చేసెను. రేడియేషను తాకిడికి అణువులు విరిగి, కొన్ని హైడ్రోజనుగను తేలిక వాయువులుగను పైకి లేచెను. తక్కినవి ఒకదానితో నొకటి అతుకుకొని చిక్కని తారువంటి పదార్థమయ్యెను. పాత నూనెను ఎప్పటికప్పుడు బట్టీపట్టి, మడ్డి తీసివేసి, క్రొత్త నూనె పోయుచుండవలసి వచ్చెను. పిండివంటల నూనె నాలుగుసార్లు కాచిన పిదప ఎట్లగునో మన వంటయింటివారికి తెలియును. ఇదియు అటువంటిదే, కాకున్న ఇచ్చట మూకుడులోనికి చూచుటకు వీలులేదు.

ఆ వీలులేమికి మూల్యము చెల్లించినది ఒహాయో రాష్ట్రమందలి పిక్వా అను చిన్న పట్టణము. ప్రభుత్వపు అణుశక్తి సంఘము నూనెతో చల్లార్చు విద్యుత్కేంద్రము నొకదానిని అచ్చట కట్టించి, నడుపుటను పట్టణపు విద్యుచ్ఛాఖకు అప్పగించెను. 11 మెగావాట్ల పైచిలుకు విద్యుత్తు నిచ్చు ఆ కేంద్రము 1963లో పని ప్రారంభించెను. ఒక పురపాలక సంఘము తన వీధిదీపములకు అణుశక్తిని వాడుకొనుట నాటికి గొప్ప వింత. కాని మూడేండ్లు తిరుగకముందే, 1966 జనవరిలో, దానిని ఆపవలసి వచ్చెను. నూనె నుండి పుట్టిన బొగ్గువంటి గట్టి పదార్థము రియాక్టరు గర్భమున పేరుకొని, ప్రవాహమునకు అడ్డుపడి, నియంత్రణ కడ్డీలకును ఇబ్బంది కలిగించెను. మరల నడుపుట లాభసాటి కాదని తలచి, ఇంధనమును నూనెను తీసివేసి, రియాక్టరు పాత్రను ఇసుకతో నింపి మూసివేసిరి. పిక్వా కథ విన్న పెక్కుమంది నూనె రియాక్టర్ల పని అంతటితో సరియని తలచిరి. ఆ తలంపు తొందరపాటని మా అభిప్రాయము. పిక్వాలో ఓడినది నూనెను శుభ్రముగా నుంచు పద్ధతి మాత్రమే. అదే కాలమున రష్యాలో మెలెకెస్ వద్ద అర్బుస్ అను చిన్న రియాక్టరు, అదియు 1963లోనే, నూనెతో పనిచేయ మొదలిడెను. కెనడాలో అంతకంటె పెద్ద పరీక్షకు సన్నాహము జరుగుచుండెను.

కెనడావారి పద్ధతి వేరు. వారు శుద్ధిచేయని సహజ యురేనియమును ఇంధనముగా వాడి, భారజలముతో న్యూట్రానుల వేగమును తగ్గించుచుండిరి. సహజ యురేనియములో న్యూట్రానుల పొదుపు మిక్కిలి ముఖ్యము. రియాక్టరు గర్భములో ఉక్కు గొట్టములు పెట్టినచో అవి న్యూట్రానులను మ్రింగివేయును. జిర్కోనియము ఇనుముతో పోల్చిన పదియవ వంతునకంటె తక్కువ మ్రింగును. అందుచేత వారికి ఉక్కు దారి మూసికొనిపోయి, జిర్కోనియము ఒకటే మిగిలినది.

ఈ జిర్కోనియము చరిత్ర కొంచెము చెప్పుట అవసరము. జిర్కాను రాయి రత్నవర్తకులకు పాత చుట్టమే. గోమేధికమను పేర అంగళ్ళలో అమ్ముడుపోవు రాళ్ళలో కొన్ని జిర్కానులే. సింహళము నుండి వచ్చిన అట్టి రాతిని 1789లో పరీక్షించి, అందు క్రొత్త మూలకము కలదని బెర్లినులో క్లాప్రోతు కనుగొనెను. 1824లో బెర్జీలియసు మలినమైన పొడిగా దానిని విడదీసెను. వంగునట్టి శుద్ధలోహమును చూడుటకు లోకము 1925 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ కీర్తి హాలెండు దేశస్థులైన వాన్ ఆర్కెల్, డి బోర్ అనువారిది. పెద్దయెత్తున తయారుచేయు విధానము క్రోల్ అను లక్సెంబర్గు దేశీయుడు అమెరికాకు వచ్చి 1940 దశకమున రూపొందించినది. దీనితో కలిసియుండు హాఫ్నియమను కవలసోదరుని విడదీయనిదే రియాక్టరునకు పనికిరాదు; ఏలయన ఆ సోదరుడు న్యూట్రానులను వందలరెట్లు మ్రింగును. పిమ్మట తగరము మున్నగువానిని స్వల్పముగా కలిపి జిర్కలాయి-2 అను మిశ్రలోహమును చేసిరి. నాటిలసు అను తొలి అణు జలాంతర్గామిలో దానిని వాడిరి. వేడినీటిలో దాని నడవడి అందరికిని తృప్తి కలిగించెను.

ఇక అసలు చిక్కు. జిర్కోనియమునకు హైడ్రోజనుపై ఎంత ప్రీతి యనగా, నిర్వాతమైన గాజుబుడ్లలో మిగిలిన వాయువును పీల్చివేయుటకై దానిని ఉపయోగించుట కలదు. సంపూర్ణముగా త్రాగిన జిర్కోనియములో ఒక ఘనపు సెంటీమీటరునకు ఉండు హైడ్రోజను పరమాణువులు అంతే నీటిలో నుండువానికంటె ఎక్కువ. టెర్‌ఫినైలు నూనె యనగా నేమి? కర్బనము, హైడ్రోజను తప్ప మరేమియు కాదు. అది రేడియేషనుచేత విరిగినప్పుడెల్ల హైడ్రోజను వెలువడుచునే యుండును. ఇట్లు త్రాగుబోతును తీసికొనిపోయి కల్లుకుండలో కూర్చుండబెట్టినట్లయినది. తొలి ప్రయోగములలో శుద్ధమైన వేడినూనెలో నుంచిన జిర్కోనియపు మిశ్రలోహపు ముక్కలు కొన్ని త్వరత్వరగా హైడ్రోజనును పీల్చి పెళుసెక్కెను. కొన్ని ముక్కలు ఏమియు కాక నిగనిగలాడుచు వచ్చెను. ఒకే లోహము, ఒకే నూనె, ఒకే వేడి. ఫలితములు మాత్రము వేరు.

ఈ వైరుధ్యమునకు హేతువు వెదకుటలోనే నూనె రియాక్టర్ల చరిత్రలోని ముఖ్యమైన జ్ఞానము లభించెనని మేము తలచుచున్నాము. జిర్కోనియమును కాపాడునది జిర్కోనియము కాదు. దానిమీద నేర్పడు సన్నని ఆక్సైడు పొర. వెంట్రుక మందములో ఇరువదవ వంతు కూడ లేని ఆ పొర గట్టిగా అంటుకొని, హైడ్రోజనును లోనికి పోనీయదు. ఒక విధముగా అదియు తుప్పే. కాని ఇనుప తుప్పువలె పొట్టుపొట్టుగా రాలునది కాదు; రాగిచెంబు మీది చిలుమువలె క్రింది లోహమును కప్పియుంచునది. ఆ పొర ఎచ్చటనైన చిట్లినచో, నీటిలోనున్న లోహము నీటి నుండియే ఆక్సిజనును తీసికొని చిల్లిని పూడ్చుకొనును. నూనెలో ఆక్సిజను ఎక్కడిది? చిట్లిన చోటు చిట్లినట్లే యుండును. అంతేకాదు, 400 డిగ్రీల వేడిలో పొరలోని ఆక్సిజను సహితము కొంచెము కొంచెముగా క్రింది లోహములోనికి ఇంకి, పొర పలుచబడును. కావలివాడు లేని వాకిలిలోనుండి హైడ్రోజను లోపల ప్రవేశించును.

ఇంజనీర్లు నూనెను ఎంత శుద్ధము చేసి, ఎంత ఎండబెట్టి వాడినచో లోహమునకు అంత కీడు జరుగుచుండెనన్నమాట! దీనికి విరుగుడుగా వారు చేసిన పని మనకు నవ్వు పుట్టించునది: నూనెలో కొంచెము నీరు కలిపిరి. పదిలక్షల పాళ్ళ నూనెకు కొన్ని వందల పాళ్ళ నీరు. ఆ స్వల్పజలము జిర్కోనియమునకు కావలసినంత ఆక్సిజనునిచ్చి, పొరను నిత్యము అతుకు వేయుచుండెను. నీటి చెరనుండి తప్పించుకొనుటకు నూనెను ఆశ్రయించినవారు మరల నీటిని చేతులార పోయవలసి వచ్చెను.

రెండవ శత్రువు క్లోరిను. లేశమాత్రమైన క్లోరిను నూనెలో నున్నను ఆక్సైడు పొర చెడును, హైడ్రోజను చొరబడును. ఉక్కు గొట్టములనుండి ఇనుమును కరిగించి తెచ్చి, వేడియైన ఇంధనపు కడ్డీలమీద పేర్చుటకును ఈ క్లోరినే తోడ్పడును. అట్లు పేరుకొనిన ఇనుము, కర్బనముల పెచ్చు కంబళివలె కప్పి, వేడిని బయటికి పోనీయదు. యంత్రభాగముల జిడ్డు వదిలించుటకు వాడు ద్రావకములలో పెక్కింటిలో క్లోరినుండును. కావున అట్టి ద్రావకము తడిసిన గుడ్డ ఒకటి లోపల మిగిలినను ప్రమాదమే. ఈ మురికిని పట్టుటకై కెనడావారు అట్టపల్గసు అను ఒకవిధమైన బంకమట్టి గుండ నూనెను వడపోయుచుండిరి. అణుయుగపు యంత్రమునకు బంకమట్టి జల్లెడ! బావినీటిని ఇండుపగింజతో తేర్చిన మన పెద్దవారు చూచియున్న ఆశ్చర్యపడియుండరు.

హైడ్రోజను లోనికి పోయినంతమాత్రమున లోహమునకు వచ్చు నష్టమేమి? వేడిగా నున్నప్పుడు కొంత హైడ్రోజను లోహములో ఉప్పు నీటిలో కరిగినట్లు కరిగియుండును. 400 డిగ్రీల వద్ద పదిలక్షలకు సుమారు 200 పాళ్ళు, 300 డిగ్రీల వద్ద 60, 70 పాళ్ళు మాత్రమే కరుగును. చల్లారినప్పుడు దాదాపు ఏమియు కరుగదు. కరుగక మిగిలిన హైడ్రోజను లోహముతో కలిసి సన్నని రేకులుగా విడిపడును. ఇవే హైడ్రైడు రేకులు. ఇవి తాము పుట్టిన లోహముకంటె ఆరింట ఒకవంతు ఎక్కువ చోటు ఆక్రమించుకొనును, గాజువలె పెళుసు. కాబట్టి రియాక్టరు పనిచేయుచున్నప్పుడు దృఢముగా నున్న గొట్టము, ఆపి చల్లార్చినప్పుడు బలహీనమగును.

రేకుల సంఖ్య ఎంత ముఖ్యమో, అవి పడుకొనిన దిక్కు అంతకంటె ముఖ్యము. కట్టెను నారవెంట గొడ్డలితో కొట్టిన ఒక్కవ్రేటున చీలును, అడ్డముగా కొట్టిన చీలదు. గొట్టపు గోడలో హైడ్రైడు రేకులు చుట్టుకొలత వెంబడి పరచుకొన్నచో లోపలి ఒత్తిడికి గోడ చాలవరకు ఓర్చుకొనును. అవి లోపలి అంచునుండి వెలుపలి అంచునకు నిలువుగా నిలిచినచో గొట్టము నిడివిగా చీలుటకు దారి సిద్ధమైనట్లే. గొట్టములను తయారుచేయునప్పుడు ఎట్లు సాగదీసిరి, ఏ వేడిలో మలచిరి అనుదానిపై ఈ దిక్కు చాలవరకు ఆధారపడును. మరియొక విశేషము కలదు. లోహములోని హైడ్రోజను వేడి చోటు విడిచి చల్లని చోటునకు నడచును. గొట్టమంతటికి హానిచేయని కొద్ది హైడ్రోజను ఒక చల్లని మచ్చలో పోగైనచో అచ్చట పొక్కు లేచును. ఈ సంగతిని చదువరులు మనసునందుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

జిర్కోనియపు ఈ దుర్గుణమును చూచి ఐరోపావారు దాని జోలికి పోవుటకు సంశయించిరి. ఆర్గెల్ అను పేర ఇటలీలో ఇస్ప్రా వద్ద వారు జరిపిన పరిశోధనలో అల్యూమినియపు పొడిని దాని ఆక్సైడుతో కలిపి ఒత్తి చేసిన ఎస్.ఏ.పి. అను పదార్థముపై ఆశ పెట్టుకొనిరి. అది హైడ్రోజనును త్రాగదు, వేడికి మెత్తబడదు. కాని సాగుడుగుణము తక్కువగుటచేత దానిని నమ్మి గొట్టములు చేయుట కష్టమయ్యెను. 1967లో ఎస్సోర్ అను పెద్ద ప్రయోగ రియాక్టరును నడిపిరి గాని, ఆ దశకము ముగియునప్పటికి ఆర్గెల్ సంకల్పము విడిచిపెట్టిరి.

కెనడావారు జిర్కోనియమునే పట్టుకొని వ్రేలాడిరి. మానిటోబా రాష్ట్రమున విన్నిపెగ్ నదియొడ్డున, పినావా అను క్రొత్త ఊరికి సమీపమున, వైట్‌షెల్ పరిశోధనాలయమును స్థాపించి, అందు డబ్ల్యు.ఆర్-1 అను రియాక్టరును కట్టిరి. అది 1965 నవంబరు 1వ తేదీన మొదటిసారి రగిలెను. ఉష్ణశక్తి 60 మెగావాట్లు. మధ్యన భారజలపు తొట్టి, దానిలో నిలువు గొట్టములు, గొట్టములలో నూనె. హెచ్.బి-40 అను ఆ నూనె కొంత హైడ్రోజను చేర్చిన టెర్‌ఫినైలు. మామూలు టెర్‌ఫినైలు మైనమువలె గడ్డకట్టును. ఇదియో, ఆ చలిదేశమున గొట్టములలో బిగిసికొనిపోదు. మొదట ఉక్కు గొట్టములు పెట్టి, పిమ్మట నియోబియమును నూటికి రెండున్నర పాళ్ళు కలిపిన జిర్కోనియపు గొట్టములను ప్రవేశపెట్టిరి. ఇంధనముగా యురేనియము కార్బైడును వాడిరి. అది నీరు తగిలిన చెడును; నూనెకు చెడదు. నూనె 400 డిగ్రీల వేడితో బయటికి వచ్చుచుండెను. నాటి నీటి రియాక్టర్లు చేరుకొనలేని వేడి యది.

ఆ రియాక్టరు ఇరువది సంవత్సరములు పనిచేసినది. నూనెలోని నీటిపాలును, క్లోరినును, మడ్డిని ఎడతెగక కొలిచి, తూచి, సరిచూచినంత కాలము జిర్కోనియము తన మర్యాద తాను నిలుపుకొనెను. ఉక్కు గొట్టములయొద్ద రేడియేషను మిక్కిలి తక్కువగా నుండుటచేత పనివారు వానిని సమీపించి మరమ్మతులు చేయగలిగిరి. ఆ వేడితోనే పరిశోధనాలయపు కట్టడములను వెచ్చచేసికొనిరి. దోషములు లేకపోలేదు. 1978 నవంబరులో 2,700 లీటర్లకు పైగా నూనె కారి, అందు చాలభాగము విన్నిపెగ్ నదిలో కలిసెను. నూనె మండునది గనుక అగ్నిభయము సర్వదా వెంటనుండెను.

అయినను డబ్ల్యు.ఆర్-1ను ముగించినది నూనెగాని, హైడ్రోజనుగాని కాదు. ఒంటారియోలో పికరింగు వద్ద భారజలముతో చల్లార్చు విద్యుత్కేంద్రము 1971లో మొదలై చక్కగా సాగినది. ఒకే దేశము రెండు రకముల రియాక్టర్లను పెంచుకొనుటకు ధనమెక్కడిది? నూనెతో పెద్ద విద్యుత్కేంద్రము కట్టు ఆలోచనను 1970 దశకపు తొలినాళ్ళలోనే కెనడావారు మానుకొనిరి. పరిశోధనకై మిగిలిన డబ్ల్యు.ఆర్-1ను 1985 మే నెలలో ఆపివేసిరి. యోగ్యత లేక ఓడినవానికిని, ఆస్తి చాలక ఆగినవానికిని భేదము కలదు. చరిత్ర వ్రాయువారు ఈ రెంటిని ఒకే గాటికి కట్టుట మాకు సమ్మతము కాదు.

ఇంతలో 1983 ఆగస్టు 1వ తేదీన పికరింగు రెండవ రియాక్టరులో జిర్కలాయి-2తో చేసిన ఒత్తిడి గొట్టమొకటి అకస్మాత్తుగా రెండు మీటర్ల నిడివిన చీలెను. అచ్చట నూనె లేదు, భారజలమే. కారణము మాత్రము పైన చెప్పినదే. వేడి గొట్టము చుట్టు ఒక చల్లని గొట్టముండును. రెండును తగులకుండ నడుమ తీగచుట్టలు అమర్చుదురు. ఆ చుట్టలు తమ చోటునుండి జరిగిపోగా, వేడి గొట్టము వంగి చల్లనిదానిని తాకెను. తాకిన మచ్చకు పండ్రెండేండ్లుగా లోహము త్రాగిన హైడ్రోజను నడచివచ్చి పొక్కులు కట్టెను. పొక్కు పగిలి గొట్టము చీలెను. రియాక్టరును క్షేమముగా చల్లార్చిరి గాని, గొట్టములన్నిటిని మార్చవలసి వచ్చెను. నీటిలో నున్న జిర్కలాయి-2 కాలక్రమమున హైడ్రోజనును ఎక్కువెక్కువగా పీల్చుననియు, అందలి స్వల్పమైన నికెలు అందుకు దోహదమిచ్చుననియు అందరు గ్రహించిరి. నియోబియము కలిపిన మిశ్రలోహము అంతకంటె చాల తక్కువ పీల్చును. నూనె రియాక్టరులో ఏండ్ల తరబడి ఓర్చినదియు, నీటి రియాక్టర్లలో జిర్కలాయి స్థానమును ఆక్రమించినదియు ఈ మిశ్రలోహమే.

మన దేశమునకు ఈ చరిత్రతో సంబంధము తొలినుండియు కలదు. ట్రాంబేలో 1960లో రగిలిన సైరసు రియాక్టరు కెనడాలోని చాక్ రివర్ రియాక్టరునకు తమ్ముడు. రాజస్థానపు మొదటి విద్యుత్కేంద్రము కెనడా నమూనాయే. రాజస్థానమునను, కల్పాక్కమునను, నరోరాలోను మొదట పెట్టిన ఒత్తిడి గొట్టములు జిర్కలాయి-2వి. కాక్రపారు మొదటి రియాక్టరులోనివియు అవియే. పికరింగు వార్త విన్న పిదప వీని ఆయువు లెక్క తిరిగి చూడవలసి వచ్చెను. రాజస్థానపు రెండవ రియాక్టరును 1994లో ఆపి, 306 గొట్టములను ఒక్కటొక్కటిగా ఊడబెరికి, హైదరాబాదునుండి వచ్చిన నియోబియపు మిశ్రలోహపు గొట్టములను అమర్చి, 1998లో మరల నడిపిరి. పిమ్మట కల్పాక్కములోని రెండింటికిని అట్లే చేసిరి. కాక్రపారు రెండవదానినుండి కట్టినవానిలో, అనగా కైగాలోను, తారాపురపు మూడవ, నాల్గవ రియాక్టర్లలోను, మొదటినుండియు క్రొత్త మిశ్రలోహమే యున్నది.

గొట్టములు మార్చినంత మాత్రమున కావలి మానుటకు వీలులేదు. నియోబియము కలిసినదియు హైడ్రోజనును త్రాగును. మెల్లగా త్రాగును, అంతే. దానిని కనిపెట్టుటకు మన ఇంజనీర్లు వాడు ఉపాయము నిరాడంబరమైనది. రియాక్టరు ఆగియున్నప్పుడు గొట్టము లోపలికి ఒక పనిముట్టును పంపి, కొబ్బరి కోరినట్లు లోపలి గోడనుండి సన్నని తురుము కొంచెము గీచి తెత్తురు. పై ఆక్సైడును తొలగించి, లోహపు తురుమును వేడిచేసి, వెలువడిన హైడ్రోజనును కొలుతురు. పదిలక్షలకు ఎన్ని పాళ్ళున్నదో, క్రిందటిసారికి ఇప్పటికి ఎంత పెరిగినదో లెక్కకట్టి, ఆ గొట్టము ఇంకెన్నేండ్లు నిలుచునో నిర్ణయింతురు.